నవజాత శిశువుల కాథెటర్లు: కొస ఎక్కడుందో తెలిస్తే సగం సమస్యలు ముందే దొరుకుతాయి

మీరు అడిగింది ఇది: 26 వారాలకే 900 గ్రాములతో పుట్టిన బిడ్డకు బొడ్డు సిరలో ఒకటి, బొడ్డు ధమనిలో ఒకటి కాథెటర్లు (సన్నటి గొట్టాలు) పెట్టారు. వారం లోపు పిక్ లైన్ (చేతి లేదా కాలి సిర నుంచి గుండె దగ్గరి మహాసిర దాకా పోయే సన్నటి గొట్టం) పెడతారు. ఎన్‌ఐసీయూలో (నవజాత శిశువుల ఇంటెన్సివ్ కేర్‌లో) కొత్తగా చేరిన నర్సుగా వేటిని కనిపెట్టి ఉండాలి, తేడా కనిపిస్తే మొదటి పది నిమిషాల్లో ఏం చేయాలి?

ఇన్ఫెక్షన్, రక్తం గడ్డకట్టడం, మందు బయటికి కారడం, రక్తస్రావం అని జాబితా రాసిస్తే బట్టీ పట్టడానికి పనికొస్తుంది, మంచం పక్కన నిలబడినప్పుడు అంతగా అక్కరకు రాదు. ప్రాణం మీదికి తెచ్చే సమస్యల్లో ఎక్కువ భాగం ఒకే చోట పుడతాయి: కాథెటర్ కొస దగ్గర. ఆ కొస నిన్నటి ఎక్స్-రేలో కనిపించిన చోటే ఈ రోజూ ఉందని నమ్మడానికి లేదు. అందుకే నా జవాబంతా కొస చుట్టూనే తిరుగుతుంది.

ముందు కొలతలు చూడండి. నెలలు నిండని బిడ్డకు కిలోకు 85 నుంచి 90 మి.లీ. రక్తం ఉంటుంది. అంటే ఈ బిడ్డ ఒంట్లో ఉన్నదంతా సుమారు 80 మి.లీ. మాత్రమే. స్టాప్‌కాక్ (గొట్టానికి ఉండే చిన్న కుళాయి) ఊడి 8 మి.లీ. కారినా పదో వంతు పోయినట్టే. ఒక ఫ్రెంచ్ అంటే మిల్లీమీటరులో మూడో వంతు. ఈ బరువుకు వాడే 3.5 ఫ్రెంచ్ బొడ్డు కాథెటర్ మందం 1.2 మి.మీ. కన్నా కొంచెం తక్కువ. అది కూర్చున్న నాళం అంతకన్నా పెద్ద వెడల్పేమీ కాదు. కాబట్టి చుట్టూ రక్తం మందగించడం, గడ్డ కట్టడం వింత కాదు. అసలు కట్టకపోతేనే వింత.

ఎంత లోతు పెట్టాలో లెక్కకు ఎక్కువమంది వాడేది 1986 నాటి శుక్లా సూత్రం. ధమనికి బరువును కిలోల్లో మూడుతో గుణించి 9 కలపాలి. సిరకు అందులో సగం తీసుకుని 1 కలపాలి. మీ బిడ్డకు ధమనిలో 11.7 సెం.మీ., సిరలో సుమారు 6.9 సెం.మీ. వస్తుంది. వీటికి బొడ్డు మొదలు పొడవు అదనం. మరీ చిన్న బిడ్డల్లో ఈ సూత్రం కాస్త ఎక్కువ చూపిస్తుంది. అందుకే 1500 గ్రాముల లోపు ధమనికి బరువును నాలుగుతో గుణించి 7 కలిపే లెక్క కూడా ఉంది. దాని ప్రకారం 10.6 వస్తుంది. రెండు లెక్కలకు మధ్య ఒక సెంటీమీటరుకు పైగా తేడా. ఈ ఒంట్లో అది రెండు వెన్నుపూసల దూరం కావచ్చు. సూత్రం అంచనాకే, తీర్పు ఎక్స్-రేదీ అల్ట్రాసౌండ్‌దీ.

ఎక్స్-రే చేతికి రాగానే కొస కన్నా ముందు దారి చూడండి. సిరలోని కాథెటర్ బొడ్డు నుంచి నేరుగా పైకి, వెన్నెముకకు కొంచెం కుడిపక్కగా వెళ్తుంది. ధమనిలోది మొదట కటి వైపు దిగి, అక్కడ మెలిక తిరిగి, వెన్నెముకకు ఎడమగా పైకి ఎక్కుతుంది. దారి తెలిశాక కొస. సిరలోనిది డయాఫ్రమ్ దగ్గర లేదా దానికి కాస్త పైన, కింది మహాసిర కుడి కర్ణికలో కలిసే చోట ఉండాలి. వెన్నుపూసల లెక్కలో టీ8, టీ9 (ఛాతీ వెన్నుపూసల్లో ఎనిమిది, తొమ్మిది) అంటారు గానీ, ఆ లెక్క తరచుగా మోసం చేస్తుంది. ఫిల్మ్ మీద చక్కగా కనిపించిన కొస ఎడమ కర్ణికలోనో కాలేయంలోనో ఉన్నట్టు ఎకోలో (గుండె అల్ట్రాసౌండ్‌లో) బయటపడటం మామూలే. పడక దగ్గర అల్ట్రాసౌండ్ చేయగలిగినవారు ఉంటే వారిని పిలవడానికి మొహమాటపడకండి.

బొడ్డు సిర కాథెటర్ దారి తప్పేది ఎక్కువగా కాలేయం దగ్గరే. డక్టస్ వీనోసస్‌లోకి (కాలేయాన్ని దాటించి మహాసిరలో కలిపే నాళంలోకి) పోకుండా పోర్టల్ సిర (పేగుల నుంచి కాలేయానికి రక్తం తెచ్చే సిర) కొమ్మలోకి తిరుగుతుంది. లోపలికి వెళ్తూ వెళ్తూ అడ్డు తగిలినట్టు అనిపిస్తే గట్టిగా తోయకూడదు. గాఢమైన ద్రవాలు, టీపీఎన్ (సిర ద్వారా ఇచ్చే పూర్తి పోషణ ద్రవం), కాల్షియం ఆ కొమ్మలోకి పోతే కాలేయ కణజాలం కాలుతుంది, నాళం చిట్లి ద్రవం కాలేయంలోనే చెరువులా నిలుస్తుంది. బయటికి కనిపించేవి పొట్ట ఉబ్బడం, కుడిపక్క గట్టిపడటం, బీపీ పడిపోవడం, హిమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం) తగ్గడం. వీటిని చూసి పేగుల జబ్బు అనుకుని పొరబడటం చాలా తేలిక. సిర కాథెటర్ ఉన్న బిడ్డకు పొట్ట ఉబ్బితే పేగుల ఎక్స్-రేతో ఆగకుండా కాలేయం అల్ట్రాసౌండ్ కూడా అడగండి. పోర్టల్ సిరలో కట్టిన గడ్డ అప్పుడు ఏ లక్షణమూ చూపకుండా ఉండి, ఏళ్ల తరువాత ప్లీహం పెరిగి, రక్తపు వాంతులతో బయటపడవచ్చు. పుట్టిన వెంటనే రిససిటేషన్‌లో పెట్టే లైన్ సంగతి వేరు. అక్కడ రక్తం తిరిగి వచ్చేంతవరకే, 2 నుంచి 4 సెం.మీ. లోపలికి పెట్టి మందు ఇస్తారు. ఆ లైన్‌ను అలాగే ఉంచి టీపీఎన్ ఎక్కించడం తప్పు.

ఇక కదలిక. మొదటి రెండు మూడు రోజుల్లో బొడ్డు మొదలు ఎండి ముడుచుకుపోతుంది, పొట్టలో గాలి పెరిగి తగ్గుతుంది, కుట్టు వదులవుతుంది. మొదటి రోజు సరిగ్గా ఉన్న కొస మూడో రోజుకు గుండెలోకో కాలేయంలోకో చేరడం ఇలాగే. ప్రతి షిఫ్టు మొదట్లో బొడ్డు దగ్గర కనిపించే సెంటీమీటరు గుర్తును చదివి చార్టులో రాయండి. "యథాతథం" అని కాదు, అంకె రాయండి. ఒక నియమానికి మినహాయింపు లేదు: స్టెరైల్ గుడ్డలు తీసేశాక కాథెటర్‌ను బయటికి లాగవచ్చు, లోపలికి తోయకూడదు. బయట ఉన్న భాగం మీది క్రిములన్నీ దాంతోపాటే రక్తంలోకి వెళ్తాయి. పైకి వెళ్లాల్సిన లైన్ కిందికి జారితే కొత్తది పెట్టాల్సిందే.

కొస గుండె లోపల ఉండిపోతే వచ్చే ప్రమాదం గుండె చుట్టూ ద్రవం నిండటం, టాంపనాడ్. 2001లో బ్రిటన్ ఆరోగ్య శాఖ నలుగురు శిశువుల మరణాలను సమీక్షించింది ఈ కారణం మీదే. కొస కుడి కర్ణికలో ఉండకూడదన్న మాట అప్పటి నుంచి గట్టిపడింది. సూదిలా గుచ్చుకుని చిల్లు పడుతుందని చాలామంది అనుకుంటారు. చాలాసార్లు జరిగేది అది కాదు. పల్చటి కర్ణిక గోడకు కొస ఆనుకుని ఉంటుంది, అదే చోట గాఢమైన టీపీఎన్ గంటల తరబడి పడుతుంది, గోడ దెబ్బతిని ద్రవం మెల్లగా అవతలికి ఊరుతుంది. అందుకే శవపరీక్షలో చిల్లు కనపడకపోవచ్చు. పెట్టిన రోజే కాదు, కొన్ని రోజుల తరువాతా జరగవచ్చు.

దీన్ని గుర్తుపట్టడం ఇలా. అంతవరకు నిలకడగా ఉన్న బిడ్డ ఒక్కసారిగా పాలిపోతుంది, గుండె వేగం పడిపోతుంది, నాడి అందదు, గుండె చప్పుడు దూరం నుంచి వినిపించినట్టు ఉంటుంది. ట్యూబు సరిగానే ఉంటుంది, న్యుమోథొరాక్స్ (ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం) ఉండదు, ఛాతీ నొక్కుతున్నా అడ్రినలిన్ ఇచ్చినా స్పందన రాదు. సెంట్రల్ లైన్ ఉన్న ఏ బిడ్డకైనా ఇలా జరిగితే వేరే కారణం రుజువయ్యేదాకా టాంపనాడే అనుకోండి. చేయాల్సిన పనుల వరుస: ఇన్ఫ్యూజన్ ఆపండి. సీనియర్‌ను పిలవండి. లైన్ తీసేయకముందు దానిలోంచే సిరంజితో వెనక్కి లాగి చూడండి, ఒక్కోసారి ద్రవం అక్కడే వస్తుంది. అల్ట్రాసౌండ్ పక్కనే ఉంటే ఒక్క చూపు చాలు. ఎక్స్-రే మెషీన్ కోసం ఎదురుచూస్తూ కూర్చోకూడదు. డాక్టర్ చేసే పెరికార్డియల్ ట్యాప్‌కు మీరు సిద్ధంగా పెట్టాల్సినవి: 22 లేదా 24 గేజ్ కాన్యులా, త్రీ-వే స్టాప్‌కాక్, 10 మి.లీ. సిరంజి, చర్మం శుభ్రం చేసే ద్రావణం. సూదిని ఉరోస్థి కింది మొన పక్కన, 30 నుంచి 45 డిగ్రీల వాలులో, ఎడమ భుజం వైపు గురిపెట్టి, లాగుతూ లోపలికి పోనిస్తారు. కొద్ది మిల్లీలీటర్లు తీయగానే గుండె వేగం తిరిగి పుంజుకుంటుంది. వచ్చిన ద్రవం పాలలా తెల్లగా ఉన్నా, అందులో గ్లూకోజ్ బాగా ఎక్కువగా ఉన్నా అది టీపీఎన్ అనే అర్థం.

ఈ ప్రమాదం పిక్ లైన్‌తో కూడా అంతే. చేతిలో పెట్టిన పిక్ లైన్ కొస పై మహాసిర కింది భాగంలో, గుండె నీడకు బయట ఉండాలి. నెలలు నిండని బిడ్డలో ఒక సెంటీమీటరు ఎడం, నిండిన బిడ్డలో రెండు సెంటీమీటర్లు అని చాలామంది పాటిస్తారు. కానీ చెయ్యి కదిలితే కొస కదులుతుంది, ఇది చాలామంది పట్టించుకోని సంగతి. బాసిలిక్ సిరలో లైన్ ఉంటే భుజాన్ని ఒంటికి దగ్గరగా తెచ్చి మోచెయ్యి మడిచినప్పుడు కొస గుండె వైపు అన్నిటికన్నా ఎక్కువ జరుగుతుంది. మోచేతికి పైన సెఫాలిక్ సిరలో ఉంటే భుజం దగ్గరికి తెచ్చినప్పుడు గుండె నుంచి దూరంగా జరుగుతుంది. ఎక్స్-రే తీసేవారు చెయ్యిని బారుగా చాపి పట్టుకుంటారు, ఫిల్మ్ మీద కొస అద్భుతంగా కనిపిస్తుంది. ఆ తరువాత బిడ్డను గూడులాంటి చుట్టలో చేతులు ముడిచి పడుకోబెడతారు, కొస కర్ణికలోకి దిగుతుంది. అందుకే ఎక్స్-రే సమయంలో చెయ్యి బిడ్డ రోజంతా ఉంచుకునే భంగిమలోనే ఉండాలి. తరువాతి ఎక్స్-రేల్లోనూ అదే భంగిమ, లేకపోతే పోల్చడం దండగ.

కాలి పిక్ లైన్‌కు ఇంకో ఉచ్చు ఉంది. ముఖ్యంగా ఎడమ కాలి నుంచి వెళ్లేది ఒక్కోసారి కింది మహాసిరలోకి కాకుండా వెన్నెముక పక్కన పైకి పోయే లంబార్ సిరలోకి తిరుగుతుంది. ముందు నుంచి తీసిన ఎక్స్-రేలో దాదాపు సరిగానే ఉన్నట్టు కనిపిస్తుంది. జాగ్రత్తగా చూస్తే వెన్నెముకకు మరీ దగ్గరగా లేదా దాని మీదుగా, చిన్న వంకర తిరిగి ఉంటుంది. అందులో టీపీఎన్ పోతే వెన్నుపాము చుట్టూ చేరుతుంది, కాళ్లు చచ్చుబడవచ్చు. అనుమానం వస్తే పక్క నుంచి ఇంకో ఎక్స్-రే తీయించండి. రక్తం వెనక్కి రాకపోవడం కూడా ఒక సూచన.

ధమని లైన్ విషయంలో మీ కళ్లు బిడ్డ పాదాల మీద ఉండాలి. కాళ్లకు సాక్సులు, దుప్పటి కప్పేస్తే లైన్‌ను కప్పేసినట్టే. కొస ఉండాల్సింది టీ6 నుంచి టీ9 మధ్య, దీన్ని పై స్థానం అంటారు. లేదా ఎల్3, ఎల్4 (నడుము వెన్నుపూసలు) దగ్గర, ఇది కింది స్థానం. మధ్యలో ఉంటే పేగులకు, మూత్రపిండాలకు వెళ్లే ధమనుల మొదళ్లు అక్కడే ఉంటాయి. పై స్థానంలో కాళ్ల రక్తప్రసారానికి ఇబ్బందులు తక్కువని తేలింది కాబట్టి ఇప్పుడు దానికే మొగ్గు. కాలి వేళ్లు నీలంగా మారితే అవతలి కాలికి వెచ్చటి గుడ్డ చుడతారు. ఆ వేడికి ఇవతలి కాలి నాళాలు రిఫ్లెక్స్‌గా తెరుచుకుంటాయి. రంగు మారిన కాలికే వేడి పెట్టకండి, రక్తం అందని చర్మం త్వరగా కాలుతుంది. 15 నుంచి 30 నిమిషాల్లో రంగు తిరిగి రాకపోతే లైన్ తీసేయాలి. నీలం కాకుండా తెల్లగా పాలిపోతే ఆ ఎదురుచూపు కూడా వద్దు, వెంటనే డాక్టర్‌కు చెప్పి తీయించండి. పిరుదు మీద నల్లటి మచ్చ, మూత్రంలో రక్తం, కారణం తెలియని అధిక బీపీ, ఇవన్నీ ధమనిలో గడ్డ గుర్తులే. బీపీ పెరిగితే మూత్రపిండ ధమనికి డాప్లర్ (రక్తప్రవాహాన్ని చూపే అల్ట్రాసౌండ్) చేయించాలి.

ఈ లైన్‌లో నడిచే ద్రవం గురించి ఒక లెక్క. హెపారిన్ మి.లీ.కు 0.25 నుంచి 1 యూనిట్ కలుపుతారు. 0.9 శాతం సెలైన్ గంటకు 0.8 మి.లీ. చొప్పున పోతే రోజుకు 19.2 మి.లీ., అంటే దాదాపు 3 మిల్లీమోల్ సోడియం. మీ బిడ్డకు అది కిలోకు 3.3. మొదటి రోజుల్లో సోడియం ఇవ్వడం లేదని టీపీఎన్ చార్టులో రాసుకుని, ధమని లైన్ ద్వారా ఇంత ఇస్తున్నట్టు చాలామంది గమనించరు. 0.45 శాతం వాడితే ఇది సగమవుతుంది. రక్తం తీసేటప్పుడూ ఫ్లష్ చేసేటప్పుడూ మెల్లగా చేయండి. అర మి.లీ.ని ఒక్క తోపులో పంపితే అది ఎదురెక్కి మెదడు ధమనుల దాకా పోగలదు, వేగంగా లాగినా మెదడు రక్తప్రసారం తగ్గుతుంది.

సిర గడ్డలు చాలావరకు మౌనంగా ఉంటాయి. లైన్ నుంచి రక్తం రాకపోవడం, ప్లేట్‌లెట్లు అకారణంగా పడిపోతూ ఉండటం, యాంటీబయాటిక్ ఇస్తున్నా కల్చర్ మళ్లీ మళ్లీ పాజిటివ్ రావడం, ఈ మూడింటిలో ఏది కనిపించినా ఎకో, డాప్లర్ అడగండి. హెపారిన్ మొదలుపెట్టేముందు తలకు అల్ట్రాసౌండ్ తప్పనిసరి. మెదడులో రక్తస్రావం ఉంటే లెక్క మొత్తం మారిపోతుంది.

ఇన్ఫెక్షన్ గురించి చేతులు కడగడం లాంటి అందరికీ తెలిసిన మాటలు మళ్లీ చెప్పను. జారిపోయే చోట్లు చెబుతాను. హబ్‌ను (గొట్టం బయటి మూతిని) ఆల్కహాల్ స్వాబ్‌తో 15 సెకన్లు రుద్ది, ఆరనివ్వాలి. రుద్దడం చాలామంది చేస్తారు, ఆరనివ్వరు. లిపిడ్ గొట్టాలను 24 గంటలకు మార్చాలి. బొడ్డు చుట్టూ యాంటీబయాటిక్ ఆయింట్‌మెంట్ పూయకూడదు, ఫంగస్ పెరుగుతుంది. క్లోర్‌హెక్సిడిన్ ఇంత చిన్న బిడ్డ చర్మాన్ని కాలుస్తుంది, ఆల్కహాల్‌తో కలిసినదైతే మరీను. అది వీపు కింద మడుగు కట్టకుండా చూసి, ఆరాక స్టెరైల్ నీళ్లతో తుడిచేయాలి. జ్వరం కోసం ఎదురుచూడకండి. ఆప్నియా (ఊపిరి ఆగడం) ఎక్కువవడం, షుగర్ పెరగడం, పాలు అరగకపోవడం, రంగు మారడం ముందు వస్తాయి. కల్చర్‌కు కనీసం 1 మి.లీ. రక్తం పంపాలి, అర మి.లీ.తో వచ్చిన నెగటివ్ రిపోర్టు మీద నమ్మకం పెట్టుకోలేం. స్టాఫ్ ఆరియస్, గ్రామ్ నెగటివ్ క్రిములు, క్యాండిడా పెరిగితే లైన్ తీసేయడమే. కోయాగ్యులేస్ నెగటివ్ స్టాఫ్ అయితే లైన్ ఉంచి వాంకోమైసిన్ ఇచ్చి చూడవచ్చు, కల్చర్లు పాజిటివ్‌గానే వస్తుంటే అది కూడా తీసేయాలి. అన్నిటికన్నా పనిచేసేది రౌండ్స్‌లో రోజూ "ఈ లైన్ ఈ రోజు దేనికి?" అని అడగడం. ధమని లైన్ 5 రోజులకు మించకుండా, బొడ్డు సిర లైన్ ఎంత త్వరగా వీలైతే అంత త్వరగా, వీలైనంతవరకు 7 రోజుల లోపు తీసేయాలి. పాలు రోజుకు కిలోకు 120 మి.లీ. దాకా వస్తే పిక్ లైన్‌కు కారణం చాలావరకు పోయినట్టే.

చేతి కాన్యులాను (చేతి సిరలో పెట్టే పొట్టి గొట్టాన్ని) చిన్నదని తేలిగ్గా తీసుకుంటారు. చర్మం మీద మచ్చలు మిగిల్చేది ఎక్కువగా అదే. 12.5 శాతానికి మించిన డెక్స్‌ట్రోజ్ అందులో ఇవ్వకండి. కాల్షియం, డోపమిన్, అడ్రినలిన్ పోతున్నప్పుడు గంటకోసారి టేపు కింద చూడాలి. అంటే చూసేందుకు వీలుగా టేపు పారదర్శకంగా ఉండాలి. పంపు అలారం కొట్టలేదంటే కారడం లేదని కాదు, కణజాలంలోకి కూడా పంపు హాయిగా తోస్తుంది. కారినట్టు తెలిస్తే ఇన్ఫ్యూజన్ ఆపండి, కాన్యులాను వెంటనే పీకేయకుండా దాంట్లోంచి వీలైనంత వెనక్కి లాగండి, ఆపైన తీసి చెయ్యి ఎత్తి ఉంచండి. వేడి నీటి గుడ్డ వేయకండి. బిగుసుకుని చర్మం పాలిపోయినా బొబ్బలు వచ్చినా డాక్టర్ హయాలురోనిడేస్ (కారిన ద్రవం పరుచుకుని ఇంకిపోయేలా చేసే మందు) ఇస్తారు: మొత్తం 1 మి.లీ.ని 0.2 మి.లీ. చొప్పున ఐదు చోట్ల, వాపు అంచు చుట్టూ, ప్రతిసారీ కొత్త సూదితో. మొదటి గంటలో ఇస్తే ఫలితం బాగుంటుంది. డోపమిన్, అడ్రినలిన్‌కు అది కాదు, ఫెంటోలమిన్ (బిగుసుకున్న నాళాలను తెరిచే మందు). అది బీపీ తగ్గించగలదు కాబట్టి ఇచ్చాక కొలుస్తూ ఉండాలి.

పిక్ లైన్‌ను 10 మి.లీ. కన్నా చిన్న సిరంజితో బలంగా ఫ్లష్ చేయకండి. సిరంజి ఎంత చిన్నదైతే పీడనం అంత ఎక్కువ, గొట్టం పగిలి ముక్క రక్తంలో కొట్టుకుపోతుంది. ఒక ఫ్రెంచ్ లైన్‌లో రక్తం ఎక్కించకండి, తీయకండి, మూసుకుపోతుంది.

తీయడంలోనూ తొందర పనికిరాదు. ధమని లైన్‌ను లోపల 5 సెం.మీ. మిగిలేదాకా మెల్లగా లాగి, ద్రవం ఆపి, ఆపైన నిమిషానికి ఒక సెంటీమీటరు చొప్పున తీస్తే నాళం తనంతట తానే ముడుచుకుంటుంది. రక్తం వస్తే ధమనికి బొడ్డు కింద నొక్కాలి, సిరకు బొడ్డు పైన. ధమనులు కిందికీ సిర పైకీ వెళ్తాయి కనుక. పిక్ లైన్ రాకుండా బిగుసుకుంటే సాగదీసి లాగకండి. సాగిన సిలికాన్ తెగుతుంది. డ్రెస్సింగ్ మళ్లీ వేసి, దారి పొడవునా గోరువెచ్చటి గుడ్డ వేసి, కొన్ని గంటల తరువాత, అవసరమైతే మర్నాడు, మళ్లీ ప్రయత్నించండి. బయటికి వచ్చాక పొడవు కొలిచి, పెట్టిన రోజు రాసిన అంకెతో సరిపోల్చి, రెండింటినీ చార్టులో పక్కపక్కన రాయండి. అర సెంటీమీటరు తక్కువ వచ్చినా ఆ కొసను పారేయకుండా దాచి, డాక్టర్‌కు చూపించి ఎక్స్-రే తీయించండి.